కత్తుల తిరునాళ్ళలో ఉక్కు రహస్యం

పగిలిన గాజుపెంకు అంచు ఎంత వాడిగా ఉంటుందో మీకు తెలుసు. ముట్టుకుంటే చాలు, వేలు తెగుతుంది. మరి అమ్మ వంటింట్లో గాజుకత్తితో కూరగాయలు ఎందుకు తరగదు? రాగి తీగను ఎటు వంచినా తేలిగ్గా వంగుతుంది, విరగదు. మరి ఎవరూ రాగి కత్తి ఎందుకు కొనరు?

జవాబు చెప్పడం కష్టమేమీ కాదు. గాజు గట్టిదే కాని పెళుసు. చేయిజారి కిందపడితే ముక్కలవుతుంది. రాగి విరగదు కాని మెత్తన. నాలుగు వంకాయలు తరిగేసరికి దాని అంచు మొద్దుబారిపోతుంది. అంటే కత్తికి రెండు గుణాలు కావాలి. అంచు అరిగిపోకుండా గట్టిగా ఉండాలి. దెబ్బ తగిలినప్పుడు విరగకుండా తట్టుకోవాలి. చిక్కేమిటంటే, ఈ రెండు గుణాలకూ ఒకదానితో ఒకటికి పడదు! ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది.

ఈ రెండు గుణాలనూ ఒకే ఇనుప ముక్కలో ఇమడ్చడం ఎలాగన్నది మనిషి వేల ఏళ్ళుగా కుస్తీ పడుతున్న సమస్య. ఆ కుస్తీ ఈనాటికీ కళ్ళకు కట్టినట్టు కనిపించే చోటు ఒకటుంది. అమెరికాలోని అట్లాంటా నగరంలో ఏటా వేసవి మొదట్లో మూడురోజులపాటు 'బ్లేడ్ షో' అనే కత్తుల ప్రదర్శన జరుగుతుంది. ఈ రకం ప్రదర్శనల్లో ప్రపంచంలోకెల్లా పెద్దదని దానికి పేరు. రండి, ఒకసారి లోపలికి వెళ్ళి చూద్దాం.

బల్ల వెనక మనిషి

మ్యూజియంలో కత్తులు మీరు చూసే ఉంటారు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో వాటికి ఒక గదే ఉంది. అక్కడ కత్తి అద్దం వెనక ఉంటుంది. దాన్ని చేసినవాడి పేరు చాలాసార్లు ఎవరికీ తెలియదు. అట్లాంటాలో అలా కాదు. పెద్ద హాలు, అందులో వరసలు వరసలుగా వందల కొద్దీ బల్లలు, ప్రతి బల్లమీదా గుడ్డ పరిచి నాలుగో పదో కత్తులు. బల్ల వెనక కుర్చీలో కూర్చున్న మనిషే వాటిని చేసినవాడు! అలుగు కొట్టినదీ, పిడి తొడిగినదీ, తోలు ఒర కుట్టినదీ చాలామట్టుకు ఆ రెండు చేతులే. వేటకు వాడే కత్తులు, వంటకత్తులు, మడతపెట్టి జేబులో వేసుకునే చాకులు, ఇలా ఎన్నో రకాలు. ఒక్కొక్కటి వందల డాలర్లు, కొన్ని వేల డాలర్లు.

అక్కడ కొన్ని మర్యాదలున్నాయి. అడగకుండా కత్తిని చేతిలోకి తీసుకోకూడదు. తీసుకున్నా పిడి పట్టుకోవాలిగాని అలుగును వేళ్ళతో తడమకూడదు. తిరిగి ఇచ్చేటప్పుడు పిడి అవతలివారి వైపు ఉండాలి. వేళ్ళు తెగుతాయన్న భయం ఒక్కటే దీనికి కారణం కాదు. మన చెమటలో నీరూ ఉప్పూ ఉంటాయి. మామూలు ఉక్కుమీద వేలిముద్ర పడితే కొద్దిసేపటికే అక్కడ తుప్పు మొదలవుతుంది. అందుకే మీరు కత్తి కింద పెట్టగానే ఆ కమ్మరి నూనెగుడ్డతో దాన్ని ఒకసారి తుడుస్తాడు. చూశారా, ఒక మర్యాద వెనక ఎంత రసాయనశాస్త్రం ఉందో!

'ఇది ఏ ఉక్కు?'

హాల్లో అందరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే. జవాబుగా ఒక అంకె వస్తుంది. 'వెయ్యీ ఎనభై నాలుగు' అంటాడు ఒకాయన. 1084 అన్నమాట. ఇది ధర కాదు, సంవత్సరం అంతకంటే కాదు. మొదటి రెండంకెలు, అంటే 10, ఇనుములో కర్బనం తప్ప చెప్పుకోదగ్గ వేరే లోహమేదీ కలపలేదని చెబుతాయి. చివరి 84 కర్బనం ఎంతో చెబుతుంది. నూరు పాళ్ళలో 0.84 పాళ్ళు. నూటికి ఒక పాలైనా లేని కర్బనమే మెత్తని ఇనుమును ఉక్కుగా మార్చేస్తుంది.

పక్క బల్లాయన '5160' అంటాడు. దీనిలో కర్బనం సుమారు 0.60 పాళ్ళు, కొంచెం క్రోమియం కూడా ఉంటుంది. లారీల కమాను పట్టీలు చేసే ఉక్కు ఇలాంటిదే. మన పల్లెల్లో కమ్మరులు పాత కమాను పట్టీలు కొని కొడవళ్ళూ కత్తులూ చేస్తారని మీకు తెలుసుగదా? అట్లాంటా కమ్మరీ, మన ఊరి కమ్మరీ ఒకరినొకరు చూడకుండానే ఒకే ఉక్కును ఎన్నుకున్నారు!

అయితే మంచి ఉక్కు కొన్నంత మాత్రాన మంచి కత్తి రాదు. కష్టమైన పని ఆ తరవాతనే మొదలవుతుంది.

కిక్కిరిసిన బస్సు

ఉక్కును కొలిమిలో పెట్టి తిత్తి ఊదుతుంటే ముందు ముదురెరుపు, తరవాత లేత ఎరుపు వస్తుంది. సుమారు 770 డిగ్రీల సెంటిగ్రేడు దాటగానే ఒక వింత జరుగుతుంది. అయస్కాంతం దగ్గర పెడితే ఇక అంటుకోదు! అందుకే చాలామంది కమ్మరులు కొలిమి పక్కన ఒక అయస్కాంతం వేలాడదీసుకుంటారు. వారికి అదే థర్మామీటరు.

ఇంకొంచెం వేడెక్కాక ఇనుము పరమాణువులు తమ వరసలు మార్చుకుని కొత్త పద్ధతిలో నిలబడతాయి. ఈ కొత్త వరసల మధ్య ఖాళీలు కర్బన పరమాణువులకు బాగా సరిపోతాయి. అవి వాటిలో దూరిపోతాయి. ఇప్పుడు ఆ ఉక్కును నెమ్మదిగా చల్లారనిస్తే ఇనుము పాతవరసలకు తిరిగి వస్తుంది. కర్బనానికి కావలసినంత వ్యవధి ఉంటుంది కాబట్టి అది బయటికి వచ్చి, వేరే గుంపులు కడుతుంది. ఉక్కు మెత్తగా తయారవుతుంది.

అలాకాకుండా ఎర్రగా కాలిన అలుగును ఒక్కసారిగా నూనెలో ముంచితే? బస్సు కదిలిపోయింది, దిగవలసినవారు దిగలేకపోయారు! కర్బన పరమాణువులు లోపలే చిక్కుకుపోతాయి. కిక్కిరిసిన బస్సులో ఎవరూ అటూ ఇటూ జరగలేరుగదా. అలాగే ఇనుము పరమాణువుల వరసలు ఒకదానిమీద ఒకటి జరగలేవు. జరగలేకపోవడమే గట్టిదనం. ఇలా బిగుసుకుపోయిన ఉక్కుకు 'మార్టెన్‌సైటు' అని పేరు. జర్మను లోహశాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ మార్టెన్స్ పేరుమీద వచ్చిన మాట అది.

ఇప్పుడు ఆ అలుగుమీద ఆకురాయి పెట్టి గీస్తే కోసుకోకుండా గాజుమీద జారినట్టు జారిపోతుంది. అంత గట్టి! కాని అంత పెళుసు కూడా. సిమెంటు నేలమీద పడితే రెండు ముక్కలు కావచ్చు. అందువల్ల కమ్మరి దాన్ని మళ్ళీ వేడి చేస్తాడు. ఈసారి సుమారు 200 డిగ్రీలే, గంటా రెండుగంటలపాటు. కొంత కర్బనం సర్దుకుంటుంది. బిగువు కొంచెం సడలుతుంది. గట్టిదనంలో కొద్దిపాటి వదులుకుని విరగని గుణాన్ని సంపాదించుకోవడమన్నమాట.

తెలివైన కమ్మరి అక్కడితో ఆగడు. అంచును నీళ్ళలో ఉంచి, వెన్నును మాత్రం మంటతో నీలిరంగు వచ్చేదాకా కాలుస్తాడు. అంచు గట్టిగా, వెన్ను ఓర్పుగా తయారవుతాయి. ఒకే అలుగులో రెండు స్వభావాలు! మొదట మనం చెప్పుకున్న తగవు ఇలా తీరింది.

కమ్మరికి పరీక్ష

తీరిందో లేదో చూసేదెలా? అమెరికాలో కొలిమి కత్తుల కమ్మరులకు 1976లో పుట్టిన ఒక సంఘముంది. దాని పేరు అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ. అందులో మొదటి పట్టా కావాలంటే మాస్టరు స్థాయి కమ్మరి ఎదుట నాలుగు పరీక్షలు నెగ్గాలి. నాలుగింటికీ కత్తి ఒకటే. అలుగు పొడవు 10 అంగుళాలు మించకూడదు.

మొదటిది: ఒక అంగుళం లావున్న మోకును పైనుంచి వేలాడదీస్తారు. కింది కొసను ఎవరూ పట్టుకోరు. ఒక్క వేటుతో అది తెగిపోవాలి. కత్తి మొద్దైతే మోకు ఊగుతుందే తప్ప తెగదు.

రెండోది: ఇళ్ళు కట్టడానికి వాడే కొయ్యదూలం ముక్కను అదే కత్తితో నరికి రెండు ముక్కలు చెయ్యాలి. ఒకసారి కాదు, రెండుసార్లు. అంచు పెళుసైతే ఇక్కడ పెచ్చులూడుతుంది. మెత్తనైతే ఒంగిపోతుంది.

మూడోది: ఇంత నరికిన ఆ అంచుతోనే చేతిమీది వెంట్రుకలు గొరగాలి! పదును ఇంకా మిగిలిందా లేదా అనేదానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

నాలుగోదే అసలైన గండం. కత్తిని మరబిగింపులో బిగించి 90 డిగ్రీలు వంచుతారు. అలుగు వంగాలి కాని విరగకూడదు. 'ఠప్'మన్న చప్పుడు వినిపించిందా, అంతే సంగతులు. ఆ కత్తికి పడిన శ్రమంతా వృథా. ఇది నెగ్గినా పని అయిపోలేదు. తరవాత తాను చేసిన అయిదు కత్తులు పట్టుకుని అట్లాంటా ప్రదర్శనకు రావాలి. అక్కడ పెద్ద కమ్మరులు వాటి నునుపూ, అతుకులూ, పొందికా చూసి తీర్పు చెబుతారు. కాబట్టి హాల్లో ఏ మూలనైనా చెమటలు కక్కుతూ నిలబడిన మనిషి కనిపిస్తే ఆయన బహుశా పరీక్షకు వచ్చినవాడే అనుకోండి! ఎంత వయసు వచ్చినా పరీక్ష పరీక్షే.

అలుగుమీద అలలు

హాల్లో కొన్ని బల్లల దగ్గర జనం ఎక్కువగా మూగి ఉంటారు. అక్కడి కత్తుల అలుగుమీద నీటి అలల్లాంటివో, చెక్కలోని రేఖల్లాంటివో గీతలు కనిపిస్తాయి. వీటిని డమాస్కస్ కత్తులంటారు.

ఆ గీతలు వేసే పద్ధతి ఇది. రెండు రకాల ఉక్కు పలకలు తీసుకోవాలి. ఒకదానిలో కొంచెం నికెలు ఉండాలి. వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చి, వెలిగారం చల్లి, కొలిమిలో బాగా కాల్చి, సమ్మెటతో కొడితే అవి ఒకటిగా అతుక్కుంటాయి. దాన్ని సాగగొట్టి, మధ్యకు నరికి, ఒక సగాన్ని రెండో సగంమీద పెట్టి మళ్ళీ అతకాలి. చివరికి ఫెర్రిక్ క్లోరైడు ద్రావణంలో ముంచితే మామూలు ఉక్కు పొరలు నల్లబడతాయి, నికెలు ఉన్న పొరలు మెరుస్తూ ఉండిపోతాయి. ఆ సంఘంలో మాస్టరు పట్టా కావాలంటే పరీక్ష కత్తిలో కనీసం 300 పొరలు ఉండాలి. 7 పలకలతో మొదలుపెడితే ఎన్ని మడతలు వెయ్యాలి? 14, 28, 56, 112, 224, 448. ఆరు మడతలు చాలు! రెట్టింపు చెయ్యడంలో ఉన్న గమ్మత్తే అది.

అమెరికాలో ఈ విద్య ఇరవయ్యో శతాబ్దంలో దాదాపు మరుగున పడింది. మేరీలాండు రాష్ట్రానికి చెందిన విలియం మోరాన్ అనే కమ్మరి పట్టుదలగా ప్రయత్నించి దాన్ని తిరిగి సాధించాడు. 1973లో కాన్సాస్ సిటీలో జరిగిన కత్తుల ప్రదర్శనలో తాను చేసిన డమాస్కస్ కత్తులను అందరి ముందూ పెట్టాడు. అక్కడ ఆయన చేసిన ఇంకొక పని మీరు గుర్తుపెట్టుకోవాలి. ఆ కత్తులు ఎలా చేశాడో వివరంగా ఒక చిన్న పుస్తకం రాసి, వచ్చినవారికి ఉచితంగా పంచిపెట్టాడు! రహస్యం దాచుకుంటే ఒక్కడే బోలెడు డబ్బు గడించేవాడు. దాచుకోలేదు. మూడేళ్ళ తరవాత ఇందాక చెప్పిన సంఘాన్ని స్థాపించినవారిలో ఆయనా ఒకడు. 1988లో అర్కాన్సా రాష్ట్రంలో ఆ సంఘం ఆధ్వర్యాన కమ్మరం నేర్పే బడి కూడా వెలిసింది. ఇవాళ అట్లాంటాలో బల్లబల్లకూ డమాస్కస్ కత్తులు కనిపిస్తున్నాయంటే ఆ చిన్న పుస్తకం చేసిన మేలు కొంత ఉంది.

అసలు డమాస్కస్ ఎక్కడిది?

ఇక్కడ ఒక తిరకాసుంది. డమాస్కస్ అనేది సిరియా దేశంలోని నగరం. పూర్వం అక్కడా, పర్షియాలోనూ అలలు తేలే కత్తులు ప్రసిద్ధి. కాని ఆ కత్తులు పొరలు అతికి చేసినవి కావు. ఒకే ఉక్కు ముద్దను సాగగొట్టి చేసినవి. అలలు ఆ ముద్దలోనుంచే పుట్టాయి. మరి ఆ ముద్దలు ఎక్కడినుంచి వెళ్ళేవి?

మన దక్షిణదేశం నుంచి! తెలంగాణలో నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రం అలాంటి ఊళ్ళలో ఒకటి. ఇంగ్లీషువాళ్ళు ఈ లోహాన్ని 'వూట్జ్' అన్నారు. అది మన 'ఉక్కు' అనే మాటే అటూ ఇటూ అయి అలా తయారైందని పండితులు చెబుతారు. ఉక్కు అనే మాట కన్నడంలోనూ ఉంది.

సర్వే దళంలో వైద్యుడుగా, భూగర్భ శాస్త్రజ్ఞుడుగా పనిచేసిన హెన్రీ వాయిసీ కోనసముద్రంలో ఈ పని కళ్ళారా చూశాడు. ఆయన 1824లోనే చనిపోయాడు. రాసిపెట్టినది 1832లో అచ్చయింది. రెండు రకాల ఇనుమును మట్టి మూసల్లో వేసి, మూత పెట్టి, బొగ్గులమీద ఒక పగలూ ఒక రాత్రీ తిత్తులు ఊదేవారట. ఆ ఊళ్ళో వాయిసీకి ఒక పర్షియా వర్తకుడు కనిపించాడు. ఇస్ఫహాన్ నగరం నుంచి ఉక్కు కొనడానికి వచ్చాడు. ఈ విధానం తమవారికి తెలిసినదేననీ, అలాగే చెయ్యబోతే తమ దేశంలో కుదరలేదనీ ఆ వర్తకుడు చెప్పాడు!

కుదరలేదేం? ఈ ప్రశ్నే తరవాత యూరపు శాస్త్రజ్ఞులనూ వేధించింది. విద్యుత్తు పాఠాల్లో మీరు చదువుకునే మైకేల్ ఫారడే కమ్మరి కొడుకు. 1819లో ఆయన వూట్జ్‌ను పరీక్షించి, అందులోని కొద్దిపాటి అల్యూమినియం, సిలికాన్‌ల వల్ల ఆ గుణం వచ్చిందేమో అనుకున్నాడు. అది నిజం కాదని తరవాత తేలింది. అందులో కర్బనం ఎక్కువ, సుమారు ఒకటిన్నర పాళ్ళు. ఎక్కువైన కర్బనం ఇనుముతో కలిసి గట్టి రేణువులుగా ఏర్పడుతుంది. అవి బారులు తీరితే అలలు కనిపిస్తాయి. కాని బారులు ఎందుకు తీరతాయి?

ఈలోగా చౌక ఉక్కు వచ్చింది. 1856లో బెస్సిమర్ పద్ధతి బయటపడ్డాక టన్నుల కొద్దీ ఉక్కు పోతపోశారు. మూసల ఉక్కు అడిగేవారు లేకపోయారు. కొలుములు చల్లారాయి. కోనసముద్రం గురించి మనకు తెలిసిన వివరాలు ఎక్కువభాగం చూడవచ్చినవాళ్ళు రాసినవే. మంట ఏ రంగుకు వస్తే ఆపాలో, ఏ ఖనిజం మంచిదో తెలిసిన చేతులు ఏమీ రాసిపెట్టకుండానే వెళ్ళిపోయాయి. తండ్రి చెబితే కొడుకు నేర్చుకునే విద్యలో ఒక తరం తప్పితే చాలు, తీగ తెగిపోతుంది.

గుర్రాలకు నాడాలు కొట్టే మనిషి

తెగిన తీగను మళ్ళీ పట్టుకున్నవారు ఇద్దరు. ఒకరు జాన్ వెర్హోవెన్, అయోవా స్టేట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు. రెండోవారు ఆల్‌ఫ్రెడ్ పెండ్రే, ఫ్లారిడాలో గుర్రాలకు నాడాలు కొడుతూ కత్తులు చేసే మనిషి. ఒకరికి సూక్ష్మదర్శిని తెలుసు, ఇంకొకరికి సుత్తి తెలుసు. పెండ్రే మూసలో ఉక్కు కరిగించి అలుగు సాగగొట్టేవాడు. వెర్హోవెన్ దాన్ని కోసి చూసేవాడు. కొన్ని ముద్దల్లో అలలు వచ్చేవి, కొన్నింటిలో రాలేదు. స్విట్జర్లాండులోని బెర్న్ మ్యూజియంకు చెందిన పాత కత్తుల ముక్కలతో కూడా పోల్చారు. చివరికి దొంగ దొరికాడు. వెనేడియం! వేలపాళ్ళలో ఒక పాలైనా లేని ఈ లోహం, దానిలాంటి మరికొన్ని లోహాలు రేణువులను బారులు తీరుస్తున్నాయి. అదికూడా ఒక్కసారి కాదు. అనేకసార్లు కాల్చి, కొట్టి, చల్లార్చితేనే. 1998లో వారు దీన్ని ప్రకటించారు.

అంటే వెనేడియం కలిసిన ఖనిజం ఉన్నచోట అలలు వచ్చేవి, లేనిచోట ఎంత నేర్పున్నా రాకపోయేవి. పర్షియావారికి ఎందుకు కుదరలేదో దీన్నిబట్టి ఊహించవచ్చు. మంచి ఖనిజం అయిపోవడం వల్ల కూడా ఈ విద్య నశించి ఉండవచ్చునని ఆ ఇద్దరూ అభిప్రాయపడ్డారు.

మీరూ చేసి చూడండి

మాస్టారి సమక్షంలో, మీ స్కూలు ప్రయోగశాలలో ఉక్కు రహస్యాన్ని మీ కళ్ళతో చూడవచ్చు. కాస్త లావుపాటి కుట్టుసూదులు మూడు తీసుకోండి. ఒకదాన్ని అలాగే ఉంచండి. రెండోదాన్ని పటకారుతో పట్టుకుని స్పిరిట్ దీపంమీద ఎర్రగా కాల్చి, మంటలోనుంచి మెల్లమెల్లగా పైకి తీస్తూ చల్లారనివ్వండి. మూడోదాన్ని ఎర్రగా కాల్చి, దీపం పక్కనే పెట్టుకున్న నీళ్ళలో తటాలున ముంచండి. కళ్ళజోడు పెట్టుకుని, ప్రతి సూదినీ దళసరి గుడ్డలో చుట్టి, రెండు పటకారులతో వంచండి. రెండోది తీగలా వంగి ఊరుకుంటుంది. మూడోది గాజుపుల్లలా పుటుక్కుమంటుంది. మొదటిది కొంతవరకు వంగి మళ్ళీ లేవబోతుంది. మూడూ ఒకే పెట్టెలోవి. కాని స్వభావాలు మూడు!

ఫలితాన్ని నోటుపుస్తకంలో రాసుకోండి. మీ ఊళ్ళో కొలిమి ఉంటే అక్కడికి వెళ్ళి, ఏ రంగు వచ్చేదాకా కాలుస్తారో, దేనిలో ముంచుతారో, ఎందుకో ఆ పెద్దాయన్ను అడగండి. ఆయన మాటలు కూడా ఆయన చెప్పినట్టే రాసుకోండి. కోనసముద్రం కమ్మరుల దగ్గర అలా కూర్చుని రాసుకున్న కుర్రవాడు ఒక్కడుంటే శాస్త్రజ్ఞులకు నూరేళ్ళకు పైబడిన వెతుకులాట తప్పి ఉండేదేమో!